వాల్టర్ గారు ఎటు వెళ్ళినట్టు

వాల్టర్ గారి ప్రయాణానికి చేయవలసిన పనులు:

సరస్సుల మీద ఐసు ఎంత మందం కట్టిందో అక్కడి అటవీ ఆఫీసును అడగాలి.
రోజుకు ఎంత దూరం వెళ్ళగలరో ఆయన్ని అడగాలి. చెప్పినదాన్లో సగం రాసుకోవాలి.
గుడారం వేసుకునే చోట్లు మ్యాపు మీద గుర్తు పెట్టాలి. గాలి తగలని ఒడ్డు అయి ఉండాలి.
స్టవ్వుకు ఎంత ఇంధనం పడుతుందో లెక్క కట్టాలి. తాగే నీళ్ళు కూడా మంచు కరిగించుకోవాల్సిందే కాబట్టి ఇంకొంచెం కలపాలి.
తిండి సామాన్లలో జీడిపప్పు రాశానో లేదో తిరుమలరావు గారికి చూపించాలి.
బయల్దేరే రోజు మంగళవారం కాకుండా చూడాలి.
కింద బాయిలర్ ఆపేది ఎప్పుడో కనుక్కుని అప్పుడు ఫోన్ చేయాలి. లేకపోతే ఆయనకు నా మాట వినపడదు.
ఇంటి దగ్గర ఎవరికి కబురు చెప్పాలో పేరు, నంబరు తీసుకోవాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి. ఇంటి మనిషి పేరు ఎవరిది రాయమంటారని అడిగితే వాల్టర్ గారు చాలాసేపు ఆలోచించి, "మీదే రాసుకోండి" అన్నారు.

"నేను ఇండియాలో ఉన్నానండి" అన్నాను.

"ఫోన్ ఎత్తుతారు కదా?"

ఎత్తుతానన్నాను. అలా ఆ గడిలో కెజియా, కాశీబుగ్గ అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

మా ఆఫీసు కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్ పైన ఉంది. యూనిట్టూ ఆఫీసూ రెండూ తిరుమలరావు గారివే. కింద వ్యాపారం వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. పైన వ్యాపారం ఆయన ఇంటర్నెట్లో వెతికి పట్టుకున్నారు. అమెరికా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు పక్కన, అడవి మధ్యలో ఒక సరస్సుల గొలుసు ఉంది. ఒక సరస్సు అయిపోయి కొంచెం నేల రాగానే ఇంకో సరస్సు మొదలవుతుంది. ఊళ్ళు లేవు, రోడ్లు లేవు. చలికాలంలో అవన్నీ గడ్డకట్టి పైన మంచు పడుతుంది. అప్పుడు కొందరు స్కీలనే పొడవాటి పలకలు కాళ్ళకు తగిలించుకుని, స్లెడ్డు అనే చక్రాల్లేని తొట్టిని నడుముకు కట్టి ఈడ్చుకుంటూ, రోజుల తరబడి ఆ మంచు మీద తిరిగి, గుడారాల్లో పడుకుని, ఇంటికి వెళ్ళిపోతారు. ఎందుకు తిరుగుతారని మా అమ్మ అడిగింది. కస్టమర్లను ఆ ప్రశ్న అడగడం మా పనిలో లేదు.

ఈ ప్రయాణాలు నడిపే కంపెనీ అంటే అక్కడ ఇద్దరు భార్యాభర్తలు. చలికాలం రాగానే వాళ్ళు మెక్సికోలో సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోతారు. వాళ్ళకు చలి పడదు. అందుకని ప్లాన్లు వేసే పని మాకు ఇచ్చారు.

నేను టెక్కలిలో బీకాం చదివాను. మా ఇంట్లో డిగ్రీ వరకూ వచ్చింది నేనొక్కదాన్నే. మా అమ్మ విమలకుమారి కింద ఇదే యూనిట్లో జీడిపప్పుకు తొక్క తీస్తుంది. పైన నేను మైనస్ ముప్ఫై డిగ్రీల చలికి ఎన్ని జతల మేజోళ్ళు కావాలో రాస్తుంటే, కింద బాయిలర్ ఆవిరి మెట్ల మీదుగా వచ్చి కీబోర్డు చెమ్మగిల్లుతుంది. మంచు నేను చూడలేదు. ఐసు పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకు సీసాల మధ్య చూశాను. అయినా పని శ్రద్ధగానే నేర్చుకున్నాను. ఏ ఐసు మీద నిలబడొచ్చు, ఏది కాళ్ళ కింద విరుగుతుంది, మంచు బరువుకు ఐసు కుంగితే నీళ్ళు ఎలా పైకొస్తాయి, అన్నీ చదివాను. అప్పటివరకూ మా ప్లాను వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. జీడిపప్పు ఎక్కువైందని ఇద్దరు రాశారు. మంగళవారం బయల్దేరే ప్లాను మా ఆఫీసు నుంచి ఒక్కటీ వెళ్ళలేదు. అది ఎవరూ కనిపెట్టలేదు.

తిరుమలరావు గారికి ఆ సరస్సుల ఇంగ్లీషు పేర్లు నోరు తిరగలేదు. బోర్డు మీద మ్యాపు గీసి వాటికి మన వైపు ఊళ్ళ పేర్లు పెట్టేశారు. అన్నిటికన్నా కిందది పలాస. దాని పైన మందస. తర్వాత సోంపేట. కొసన కంచిలి. "మనం ఇచ్చాపురం ఎల్లే వరసేనమ్మా, మర్సిపోదారన్నా మర్సిపోలేవు" అన్నారు. నిజంగానే మర్చిపోలేకపోయాను. ఇప్పుడు కంచిలి పేరు వింటే నాకు కొబ్బరి తోటల కంటే ముందు ఐసే కనిపిస్తుంది.

వాల్టర్ గారికి డెబ్బై దాటాయి. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ప్రతి చలికాలం భార్యతో కలిసి ఆ సరస్సుల మీదకు వెళ్ళేవారు. తర్వాత ఆవిడ పోయారు. కిందటి చలికాలం ఒక్కరే వెళ్తానన్నారు.

మా అమ్మ క్యారేజీ పట్టుకుని పైకి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను.

"ఆ ముసిలాయన ఒక్కడే ఎల్తన్నాడేటి?"

"ఒక్కరే అమ్మా."

"కొడుకులో కూతుర్లో లేరేటి?"

"లేరట."

"ఓలమ్మా. మరి ఆ సలిలో ఏటైనా అయితే ఎవులు సూత్తారే?"

"నేనే. నా నంబరే రాయించారు."

మా అమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వా? మెళియాపుట్టి బస్సెక్కితే వాంతి సేసుకుంతావు నువ్వు."

ఆయన ప్లానులో ఒక్కచోటే చిక్కు ఉంది. సోంపేట సరస్సుకూ కంచిలి సరస్సుకూ మధ్య గొంతులాంటి ఇరుకు. దాని కింద నీళ్ళు పారుతుంటాయి కాబట్టి ఐసు పల్చగా ఉంటుంది. ఎవరూ దాని మీదకు వెళ్ళకూడదు. అందుకని ఆ ఇరుకుకు ముందే ఒడ్డెక్కి, స్లెడ్డులో సామానంతా దించి, మోసుకుంటూ అడవిలోంచి అవతలికి చేరాలి. అలాగే రాశాను. వాల్టర్ గారికి అది నచ్చలేదు.

"మోయాలా?" అన్నారు.

"కొంచెమేనండి."

"మోసే పని మా ఆవిడ చేసేది. నా భుజం పాడై చాలా కాలమైంది. నేను గాడిదను కాను."

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, వాతావరణం గురించి మాట్లాడినా, మేజోళ్ళ గురించి మాట్లాడినా, చివరికి ఆ మోత దగ్గరికే వచ్చేవారు. గాడిద మాట కూడా వచ్చేది. నేను మర్యాదగా విని, మోయాల్సిందేనని చెప్పేదాన్ని.

ఆయన దగ్గర ఉపగ్రహంతో మెసేజ్ పంపే చిన్న యంత్రం ఉంది. సాయంత్రం గుడారం వేసుకోగానే వేసుకున్నానని ఒక ముక్క పంపాలి. ఆయనకు సాయంత్రమయ్యేసరికి మాకు తెల్లవారుతుంది. మనిషి ఎక్కడున్నదీ మ్యాపు మీద చూపించే ఏర్పాటు కూడా ఆ యంత్రంలో ఉంది. దాన్ని ఆయన ఆపేశారు. పెళ్ళాం కూడా నన్నెప్పుడూ ఇలా కాపు కాయలేదన్నారు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం బయల్దేరారు. పొద్దున్నే లేచి ఫోన్ చూసుకునేదాన్ని. పలాసలో గుడారం వేశాను. మందసలో గుడారం వేశాను. సోంపేటలో గుడారం వేశాను, గాలి ఎక్కువ. అన్నీ ప్లాను ప్రకారమే జరిగాయి.

శనివారం సాయంత్రం మా ఇంటి పక్కవాళ్ళింట్లో ప్రార్థన కూడిక ఉంటే కాస్త ముందుగా వెళ్ళిపోయాను. ఫోన్ సైలెంట్లో పెట్టాను. నా కుర్చీలో తిరుమలరావు గారు కూర్చున్నారు.

ఆదివారం తెల్లవారాక ఫోన్ చూస్తే గుడారం వేసుకున్న కబురు రాలేదు. దాని బదులు ముందు సాయంత్రం వచ్చిన మెసేజ్ ఒకటి ఉంది. "మీరు చెప్పిన అడవి దారిలో చెట్లు పడిపోయి ఉన్నాయి. వేరే దారిన కంచిలి వైపు వెళ్తున్నాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను." కంచిలి అని ఆయన రాయలేదు. అసలు పేరు రాశారు. దాని కింద ఆఫీసు నుంచి జవాబు వెళ్ళి ఉంది. "హ్యాపీ జర్నీ."

నేను ముఖం కడుక్కుని ఆఫీసుకు వెళ్ళాను. తిరుమలరావు గారికి ఫోన్ చేస్తే ఆయనా వచ్చారు.

"సార్, వాల్టర్ గారు దారి మార్చారు."

"అవునమ్మా, సూసేను. రిప్లై కూడా ఇచ్చీసినాను."

"ఎటు వెళ్తున్నారని అడగలేదా సార్?"

ఆయన నన్ను వింతగా చూశారు. "బయల్దేరుతన్నానని రాసేడు కదమ్మా. బయల్దేరినోడిని ఎక్కడికని అడుగుతారేటి? నీకు తెల్దా?"

నాకు తెలుసు. గడప దాటే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అనాలి. ఆ మనిషి "ఎంతో దూరం కాదులే" అంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు, ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. మేము బాప్టిస్టు సంఘం వాళ్ళం, శకునాలు నమ్మం. కానీ ఎక్కడికని మా ఇంట్లోనూ ఎవరూ అడగరు.

"సార్, ఎక్కడికని అడగడానికే కదా మనం ఆఫీసు పెట్టింది" అన్నాను.

తిరుమలరావు గారు కుర్చీలో కూర్చున్నారు. "మా నాన్న జీడిపప్పు లోడుతో కలకత్తా ఎల్లినప్పుడు కూడా నానెప్పుడూ అడగలేదమ్మా" అన్నారు. "అలగే వొచ్చీసీవోడు."

ఎటు వెళ్ళారో చెప్పండని వాల్టర్ గారికి మెసేజ్ పెట్టాను. మళ్ళీ పెట్టాను. జవాబు లేదు. అక్కడ రాత్రి. మా వాకిట్లో ఎండ పడుతోంది.

ప్లానులో, తప్పిపోయినవాళ్ళను వెతికే అక్కడి గాలింపు ఆఫీసు నంబరు ఉంది. డ్యూటీలో ఉన్నావిడ ఎత్తింది. మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను మధ్యలో ఆపకుండా విని, సోంపేట నుంచి కంచిలికి ఉన్న దారులేమిటని అడిగింది. ఇరుకు కాకుండా రెండున్నాయని చెప్పాను. పడమరగా వెళ్తే నాలుగైదు చిన్న చెరువులు. దగ్గర దారే, కానీ ఒక చెరువుకూ ఇంకో చెరువుకూ మధ్య నేల ఎక్కి దిగాలి. బోర్డు మీద దానికి మేము హరిపురం అని రాసుకున్నాం. తూర్పుగా వెళ్తే సోంపేట సరస్సులోంచి ఒక పొడవాటి పాయ బయటికి పోయి, ఎక్కడా నేల ఎక్కకుండా చాలా దూరం చుట్టుకుని, కంచిలికి వెనక నుంచి కలుస్తుంది. దాని పేరు బారువ.

ఆవిడ చెప్పింది కూడా స్పష్టంగానే ఉంది. చీకట్లో విమానం ఎగరదు. తెల్లవారగానే ఒకటి పంపగలరు. అదొక్కటే ఉంది. తెల్లవారిన కాసేపటికి పెద్ద మంచు తుఫాను వస్తుందని సూచన ఉంది. వస్తే రెండు రోజులు ఎవరూ కదలలేరు. రెండు దారులూ చూసే వ్యవధి ఉండదు.

"ఒక వైపే చూడగలం. ఎటు పంపమంటారు? మామూలుగా అందరూ పడమర దారే పడతారు."

"కొంచెం ఆగుతారా?" అన్నాను. ఆగుతానంది.

తిరుమలరావు గారు బోర్డు ముందు నిలబడి ఉన్నారు. "హరిపురమమ్మా. దగ్గిర దారుంటే సుట్టు తిరిగి ఎవులైనా ఎల్తారేటి? అందులో ముసలాయన."

"అక్కడ మోయాలి సార్. చెరువు చెరువుకీ మోయాలి."

"మోత్తాడు. పానం మీదకొత్తే ఎవులైనా మోత్తారు."

"అప్పటికి ప్రాణం మీదకు రాలేదు కదా సార్. పొద్దున్నే టీ తాగి బయల్దేరి ఉంటారు."

"తప్పయితేనో? ఆ ముసలాయన ఉసురు మన మీదుంటాది తల్లీ. వాల్లనే తేల్సుకోమను. వాల్ల దేశం."

"వాళ్ళకు ఆయన తెలీదు సార్."

నాకు మాత్రం తెలిసిందేమిటని అప్పుడు ఆలోచించాను. ఆయన్ని నేను చూడలేదు. ఫోన్లో విన్నదే. ఐసంటే భయం లేదు. దూరమంటే భయం లేదు. భార్య సంగతి ఏడవకుండా చెప్పారు. ఒక్క మోత దగ్గర మాత్రం చిన్నపిల్లాడిలా మారాం చేశారు. అడవిలో చెట్లు పడిపోయి మోయక్కర్లేకుండా పోయినందుకు ఆయన బాధపడ్డారని కూడా నేను అనుకోను. చెట్లు చూసి సంతోషించి ఉంటారు.

ఫోన్ తీసి "బారువ" అన్నాను.

"అదెక్కడ?" అందావిడ.

అసలు పేరు చెప్పాను. తూర్పు పాయ అని కూడా చెప్పాను.

"ఖాయమేనా?"

"ఖాయం కాదండి. కానీ అటే."

ఆవిడ నా పేరు అక్షరం అక్షరం రాసుకుంది. నేను ఆయనకు ఏమవుతానని అడిగింది. ప్లాను వేసినదాన్నని చెప్పాను. అలాంటి గడి తన దగ్గర లేదని, బంధువు అని రాసుకుంటానని అంది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది. మా అమ్మ తెల్ల చీర కట్టుకుని మెట్ల కింద నిలబడి కేకేసింది. "ఏటే, గుడికి రావేటి? గంట కొట్టీసినారు."

దారిలో అమ్మకు చెప్పాను. అమ్మ అంతా విని, "ఆయన సేసింది తప్పే" అంది తిరుమలరావు గారి గురించి. "ఎక్కడికని అడక్కూడదు గాని, దూరమా అని అడగొచ్చు కదే."

ఆరాధనలో ప్రార్థన అంశాలు చెప్పే సమయం వచ్చింది. ఒకాయన మోకాళ్ళ నొప్పులని చెప్పారు. ఒకావిడ కోడలికి నెలలు నిండాయని చెప్పింది. నేను లేచాను.

"అమెరికాలో వాల్టర్ అనే పెద్దాయన గడ్డకట్టిన సరస్సుల మీద తప్పిపోయారు. ఒక్కరే ఉన్నారు. తూర్పు వైపు ఉన్నారని నేను చెప్పాను. ఆయన అక్కడే ఉండాలని ప్రార్థన చేయండి."

పాస్టరు ప్రదీప్ కుమార్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తప్పిపోయిన చోటే ఉండాలనా అమ్మా?"

"అవునండి. ఇంకో చోట ఉంటే కుదరదు."

వెనక వరసలోంచి ఎవరో, "ఏ ఊరమ్మా అది? మా అల్లుడు డల్లాస్‌లోన ఉన్నాడు. ఒకపాలి ఎల్లి సూసి రమ్మంతాను" అన్నారు. చాలా దూరమని చెప్పాను. "దూరమైతే ఏటి, కారుంది" అన్నారు.

ప్రార్థన కమలమ్మ గారు చేశారు. ఆవిడ ప్రార్థిస్తే రోడ్డు మీదకు వినపడుతుంది. "పెబువా, మాకిక్కడ అప్పుడే ఉక్క పోసేత్తంది. ఆ సలి కొంచెం ఇటు పంపి, మా ఉక్క కొంచెం ఆ బిడ్డకిచ్చీ తండ్రీ. ఆ ఐసుని మాత్రం గట్టిగా ఉంచు తండ్రీ." ఆమెన్ అన్నారు అందరూ. నేనూ అన్నాను. అంత లెక్కగా అడగడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేదు. పడమర చెప్పి ఉంటే నలుగురితో పాటు తప్పు చేసినదాన్నయ్యేదాన్ని. తూర్పు చెప్పాను. ఆయన పడమర ఉంటే, రెండు రోజుల మంచు కింద ఒక మనిషిని నేను ఫోన్లో పాతిపెట్టినట్టే. అమ్మ నా కంచం తీసేసింది.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళేసరికి తిరుమలరావు గారు అప్పటికే ఉన్నారు. నుదుట బొట్టు, బల్ల మీద కొబ్బరి చిప్ప.

"అర్చన సేయించేనమ్మా."

"వాల్టర్ గారికా సార్?"

"మరెవులికి? పంతులు గోత్రం అడిగేరు. తెల్దన్నాను. తెలవనోల్లకి కాశ్యప గోత్రం సెప్పీవొచ్చంట. వాల్టర్, కాశ్యప గోత్రం. నక్షత్రం అడగలేదు, రష్‌గా ఉంది."

చిప్ప పగలగొట్టి నాకో ముక్క ఇచ్చారు. ప్రసాదం మామూలుగా మేము తినం. ఆ రోజు తీసుకున్నాను, తినకుండా పట్టుకుని కూర్చున్నాను. ఆదివారం కాబట్టి బాయిలర్ లేదు. ఆఫీసు అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదటిసారి.

బాగా రాత్రయ్యాక ఫోన్ మోగింది. అదే ఆవిడ.

తూర్పు పాయలో సగం దూరంలో నారింజ రంగు తొట్టి ఒకటి మంచులో అడ్డంగా పడి ఉండడం పైలట్ చూశాడట. స్లెడ్డు. దాని చాటున వాల్టర్ గారు నిద్రసంచిలో ఉన్నారు. ప్రాణంతో ఉన్నారు. పాయలో మంచు బాగా పేరుకుపోయి, దాని బరువుకు ఐసు కుంగి, నీళ్ళు పైకి వచ్చాయి. పైన చూస్తే మంచే, కింద మోకాలి లోతు నీళ్ళు. ఆయన అందులో దిగబడ్డారు. స్కీలకు పట్టిన తడి అక్కడికక్కడే రాయిలా గడ్డకట్టింది. మెసేజ్ యంత్రం ఆ నీళ్ళలోనే పోయింది. గుడారం కర్రలు పట్టుకోవడానికి చేతివేళ్ళు వంగలేదు. స్లెడ్డును గాలికి అడ్డంగా తిప్పుకుని దాని వెనక పడుకున్నారు. పైలట్ కనపడగానే ఆయన అన్న మొదటి మాట, "ఇక్కడ ఎవరూ ఏమీ మోయక్కర్లేదు" అనట.

"మీ బంధువు కొంచెం మొండివారు" అందావిడ.

"అవునండి" అన్నాను.

విమానం తిరిగి వచ్చిన కాసేపటికే తుఫాను మొదలైందని, పడమర వైపు ఎవరూ వెళ్ళలేకపోయారని కూడా చెప్పింది. ఫోన్ పెట్టేశాక తిరుమలరావు గారు ఏమైందని అడిగారు. నేను చేత్తో తూర్పు చూపించాను. అది తూర్పు కాదు. గోడ మీద క్యాలెండరు ఉన్న వైపు. ఆయనకు అర్థమైంది.

వారం పోయాక ఆసుపత్రి నుంచి వాల్టర్ గారు ఫోన్ చేశారు. ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారట. తూర్పు అని మీకెలా తెలిసిందని అడిగారు.

"మోయడం మీకు ఇష్టం లేదు కదండీ."

"ఎప్పుడు చెప్పాను?"

ప్రతిసారీ చెప్పారని చెప్పాను. గుర్తు లేదన్నారు. తర్వాత, "ఆ హ్యాపీ జర్నీ పంపింది మీరేనా?" అన్నారు.

"కాదండి, మా సారు."

"మా ఆవిడ పోయాక బయల్దేరేటప్పుడు నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఎక్కడికి, ఎందుకు, ఈ వయసులోనా అని అడిగేవాళ్ళే. ఆయనకు థాంక్స్ చెప్పండి."

చెప్పాను. తిరుమలరావు గారిని ఆ వారమంతా భరించడం కష్టమైంది. కింద యూనిట్లో అందరికీ చెప్పుకున్నారు. అయినా ఆఫీసు పద్ధతి మాత్రం ఆయనే మార్చారు. ఇప్పుడు ఎవరు దారి మార్చినా, ఎటు వెళ్తున్నారు, ఎప్పటికి వస్తారు, అని అడిగి తీరాలి. అడిగే పని నాది. నేను అడుగుతున్నంతసేపూ ఆయన వరండాలోకి వెళ్ళి నిలబడతారు.

ఈ ఏడు వాల్టర్ గారు మళ్ళీ వెళ్తున్నారు. వద్దన్నాను. రెండు వేళ్ళు తగ్గాయి కాబట్టి బూటు వదులుగా, హాయిగా ఉందన్నారు. ఎవరినైనా వెంట తీసుకెళ్ళమన్నాను. ఎవరున్నారన్నారు. ఆయన ఉన్నచోటు చూపించే ఏర్పాటు ఈసారి ఆపకుండా ఉంచుతానని మాటిచ్చారు. ఆ మాట నేను నమ్మడం లేదు. ఇంటి మనిషి గడిలో మళ్ళీ నా పేరే ఉంది.

నా ఒక్క పేరే ఉండడం నాకు ఇష్టం లేదు. నాకు జ్వరం రావచ్చు. నేను ప్రయాణంలో ఉండొచ్చు. తిత్లీ తుఫానప్పుడు ఇక్కడ ఫోన్లు ఎన్నాళ్ళు మోగలేదో మా ఉద్దానం ప్రాంతం వాళ్ళకు గుర్తుంది. అందుకని ఎక్కువమందికి తెలిసి ఉండడం మంచిదని ఇది రాశాను.

ఆయన ఫిబ్రవరి మొదటి సోమవారం పలాస సరస్సు కింది కొసన బయల్దేరతారు. మందస దాటి సోంపేట చేరతారు. అక్కడి నుంచి కంచిలి వెళ్ళడానికి ఈసారి బారువ పాయే రాశాను, తూర్పు ఒడ్డును ఆనుకుని, మంచు పల్చగా ఉండే చోట. ఇంకేం రాసినా ఆయన వినరు. పై సోమవారం సాయంత్రానికి తిరిగి పలాస రావాలి. రాకపోతే అక్కడి గాలింపు ఆఫీసుకు నేను ఫోన్ చేస్తాను. నా నుంచి కూడా ఉలుకూ పలుకూ లేకపోతే మీలో ఎవరైనా చేయండి. తూర్పు వైపు చూడమని చెప్పండి. పేరు వాల్టర్. పొడుగు మనిషినని ఆయనే చెప్పారు. కుడి భుజం బాగోదు, ఎడమ కాలికి మూడే వేళ్ళు. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.